పాత సెట్టులో థింసా పాట

అరకు వైపు ఇటుకల పండుగలో ఆడవాళ్ళు పాడిన థింసా పాటలు ఫోన్లో పట్టుకున్నారా? ఫోన్లోనే వింటే తుడుము, డప్పు మోత రేకు డబ్బా కొట్టినట్టే ఉంటుంది. అంత చిన్న స్పీకరు బరువైన శబ్దాన్ని పలికించలేదు మరి!

అటక మీది క్యాసెట్ల సెట్టు దించండి. వెనక ‘ఆక్స్’ అనో ‘లైన్ ఇన్’ అనో రాసి, ఎరుపు, తెలుపు రంధ్రాలుంటే మీ పని సులువే. ఒక చివర 3.5 మి.మీ. పిన్ను, రెండో చివర ఎరుపు, తెలుపు పిన్నులూ ఉన్న వైరు కొనండి. ఫోనుకు ఆ రంధ్రం లేకపోతే చిన్న అడాప్టరు కావాలి. సెట్టు ఆపి, వాల్యూమ్ తగ్గించాకే వైరు పెట్టండి. ‘ఫోనో’ అని రాసినచోట మాత్రం పెట్టకండి. అది గ్రామఫోన్ ప్లేయరుకోసం.

ఇక అసలు సంగతి. సినిమా పాట పోతే మళ్ళీ దొరుకుతుంది. కొండమీది అవ్వ పాడిన పాట ఏ పుస్తకంలోనూ లేదు, ఏ షాపులోనూ దొరకదు. ఫోను నీళ్ళలో పడితే పాటా పోయినట్టే. అందుకే పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, పుట్టింట్లో ఇంకో కాపీ దాచండి. 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే నాలుగు నిమిషాల పాటలు 8 జీబీలో దాదాపు 2,000 పడతాయి.

వచ్చే పండక్కి ఆ అవ్వనే ఇంటికి పిలిచి, ఆమె గొంతు ఆమెకే వినిపించండి.