ఓటు లేని వారసత్వం
హుసేన్ అల్ షేక్‌ను 2025 ఏప్రిల్‌లో ఉపాధ్యక్షుడిగా నియమించి పాలస్తీనా అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్ తన వారసుణ్ని తేల్చేశారు. తేల్చాల్సిన పాలస్తీనా ప్రజలను మాత్రం అడగలేదు. 1993లో ఇజ్రాయెల్‌తో ఓస్లో ఒప్పందంపై సంతకం చేసి, ఆ తర్వాతా చర్చలనే నమ్ముకున్న నేత అబ్బాస్. ఆ నిబద్ధత గౌరవించదగినదే. కానీ 2005లో నాలుగేళ్లకని ప్రజలిచ్చిన పదవి రెండు దశాబ్దాలు సాగింది. తూర్పు జెరూసలేంలో పోలింగ్‌కు ఇజ్రాయెల్ హామీ ఇవ్వలేదంటూ 2021 మే ఎన్నికలను వాయిదా వేశారు. ఆ అడ్డంకి నిజమే. దాన్ని శాశ్వత సాకుగా మార్చుకోవడం సమర్థించరానిది. వయోజనులై కూడా ఒక్కసారీ అధ్యక్షుణ్ని ఎన్నుకోని తరం పశ్చిమ తీరంలో, గాజాలో పెరిగింది. ఆ తరం సమ్మతి లేని రమల్లాలోని పాలస్తీనా నాయకత్వానికి గాజా పునర్నిర్మాణంపై గట్టిగా మాట్లాడే బలం ఉండదు. అబ్బాస్ పదవిలో ఉండగానే అధ్యక్ష, శాసనమండలి ఎన్నికలు జరగాలి. తూర్పు జెరూసలేంలో పోలింగ్‌కు ఇజ్రాయెల్‌ను ఒప్పించే బాధ్యత పాలస్తీనాను గుర్తించిన దేశాలది. 1988లోనే గుర్తించిన భారత్‌ది కూడా.