ఫోన్ ఆమె చేతిలో ఉందా?

ఫోన్‌ను గట్టిగా ఊపితే చాలు, పోలీసులు వచ్చేస్తారు. 2020 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో దిశ యాప్ వచ్చినప్పుడు ఊరూరా వినిపించిన మాట ఇది. పోలీసులు దగ్గరుండి మరీ ఫోన్లలో ఎక్కించారు. డౌన్‌లోడ్‌లు కోటి దాటాయని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. ప్రభుత్వం మారాక 2025 మార్చిలో శక్తి యాప్ వచ్చింది. హైదరాబాద్ పోలీసుల యాప్ హాక్ ఐ వీటికంటే ముందు నుంచే ఉంది. ఇవేవీ వృథా కావు. రాత్రి పొద్దుపోయాక ఒంటరిగా ఆటో ఎక్కిన అమ్మాయికి ఆ బటన్ ఇచ్చే ధైర్యం చిన్నదేమీ కాదు.

కానీ ఈ యాప్‌లు ప్రధానంగా రోడ్డును దృష్టిలో పెట్టుకుని తయారైనవి. హింస ఎక్కువగా ఉన్నది ఇంట్లో.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 మధ్య జరిగింది. పెళ్లయిన మహిళల్లో భర్త చేతిలో హింసకు గురయ్యామని చెప్పినవారు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం ఉన్నట్టు అందులో తేలింది. 2022లో దేశంలో మహిళలపై నేరాల కింద నమోదైన కేసుల్లో అన్నిటికంటే పెద్ద వాటా భర్త, అతని బంధువులు పెట్టిన హింసదే: 31.4 శాతం. ఫోన్ సంగతీ కుటుంబ ఆరోగ్య సర్వేనే చెప్పింది. సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 48.9 శాతం, తెలంగాణలో 60 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు ఆంధ్రలో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగిన మాట నిజమే. అయినా చాలా ఇళ్లలో సిమ్ భర్త పేరు మీదే ఉంటుంది, రీచార్జ్ చేయించేది అతనే, లాక్ ప్యాటర్న్ అతనికీ తెలుసు. ‘ఇదెందుకు ఎక్కించావ్?’ అని నిలదీసే మనిషి పక్కనే ఉన్నప్పుడు, స్క్రీన్ మీద పోలీసుల యాప్ గుర్తు కనిపించడమే ఆమెకు కొత్త ప్రమాదం.

అందుకే బాధితురాలికి పనికొచ్చే సాంకేతికతను డౌన్‌లోడ్‌ల లెక్కతో కొలవడం పొరపాటు. ఎరువు తెచ్చుకున్న ఫోన్‌లోనూ పనిచేస్తుందా, ఆనవాలు మిగల్చకుండా ఉంటుందా, అవతల తెలుగులో ఓపిగ్గా మాట్లాడే మనిషి ఉన్నారా అన్నది చూడాలి.

ఈ దిశగా ఆలోచించిన సందర్భాలు లేకపోలేదు. 2020 లాక్‌డౌన్‌లో, కొట్టిన మనిషి రోజంతా ఇంట్లోనే ఉండటంతో ఫోన్‌లో గొంతు విప్పలేని మహిళల కోసం జాతీయ మహిళా కమిషన్ వాట్సాప్ నంబర్ ఇచ్చింది. మాట బయటికి వినిపించకుండా సాయం అడగడానికి అదొక దారి అయింది. తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో తెచ్చిన టీ-సేఫ్‌కు స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు. మామూలు ఫోన్ నుంచి 100కో 112కో చేసి, 8 నొక్కితే ప్రయాణం మీద నిఘా మొదలవుతుంది. ఇంటి హింసకూ ఇదే ఆలోచనతో ఏర్పాటు చేయకూడదా?

హెల్ప్‌లైన్ల విషయంలో పైకి కనిపించని చిక్కు ఒకటుంది. ఆమె పక్కింటి ఫోన్ నుంచో, అత్తగారు గుడికి వెళ్లిన పది నిమిషాల్లో భర్త ఫోన్ నుంచో కాల్ చేస్తుంది. లైన్ మధ్యలో కట్ అవుతుంది. పద్ధతి ప్రకారం హెల్ప్‌లైన్ కేంద్రం నుంచి తిరిగి ఫోన్ వస్తుంది. ఈసారి ఎత్తేది భర్త కావచ్చు. అవతలి వ్యక్తి ‘మహిళా హెల్ప్‌లైన్ నుంచి మాట్లాడుతున్నాం’ అన్నారంటే ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పనవసరం లేదు. కాబట్టి మొదటి నిమిషంలోనే అడగాల్సినవి కొన్ని ఉంటాయి: ఇప్పుడు మాట్లాడటానికి వీలుందా, ఈ నంబర్‌కు తిరిగి చేయొచ్చా, చేస్తే ఎవరమని చెప్పాలి? ఇది సాఫ్ట్‌వేర్ చేసే పని కాదు, శిక్షణ పొందిన మనిషి చేసే పని. హైదరాబాద్‌లో కొండవీటి సత్యవతి నడిపిన భూమిక సంస్థ 2006లోనే హెల్ప్‌లైన్ మొదలుపెట్టి ఇలా వినేవాళ్ల విలువ చూపించింది. హింసకు గురైన మహిళల్లో 77 శాతం ఎవరికీ చెప్పుకోలేదు, ఎక్కడా సాయం అడగలేదు అని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన దేశంలో, మొదటిసారి నోరు తెరిచిన మనిషికి దొరికే ఆ మొదటి గొంతు ఎంతో ముఖ్యం.

ఫొటోలు, వీడియోలు బయటపెడతానని బెదిరించే కేసుల్లో మాత్రం యంత్రం నిజంగా మనిషి కంటే మేలు చేయగలదు. 2021 డిసెంబరులో బ్రిటన్‌కు చెందిన ఒక స్వచ్ఛంద సంస్థ, మెటాతో కలిసి స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ తెచ్చింది. బాధితురాలు తన ఫోన్‌లోనే ఆ ఫొటోను ఎంచుకుంటే, దాని నుంచి వేలిముద్ర లాంటి ఒక సంకేతాల వరుస తయారవుతుంది. బయటికి వెళ్లేది ఆ వరుస మాత్రమే, ఫొటో కాదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి భాగస్వామ్య వేదికల్లో ఎవరైనా అదే చిత్రం పెట్టబోతే పోల్చి ఆపేస్తారు. తన ఫొటోను మరో నలుగురు అధికారులకు చూపించుకోవాల్సిన అవమానం ఆమెకు తప్పుతుంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల కోసం అమెరికా సంస్థ నడిపే టేక్ ఇట్ డౌన్ అనే ఇలాంటి సేవే ఉంది. పరువు పోతుందన్న భయంతో అడిగినంత డబ్బు పంపుతున్న ఇంటర్ అమ్మాయికి ఈ సంగతి కాలేజీలో ఎవరైనా చెప్పారా? ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే 1930కి ఫోన్ చేయమని వీధి వీధినా బోర్డులు పెట్టాం. ఫొటోల బెదిరింపు గురించీ అంతే గట్టిగా చెప్పాలి.

సాక్ష్యం సంగతి ఇంకొకటి. బెదిరింపు మెసేజ్ రాగానే అసహ్యంతో చెరిపేయడం సహజం. చెరపకూడదు. తేదీ, నంబర్ కనిపించేలా దాచి, నమ్మకమైన మనిషి దగ్గర కాపీ ఉంచాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి డిజిటల్ ఆధారానికి ధ్రువపత్రం జతచేయాలి. ఆ పత్రం ఎలా రాయాలో బాధితురాలికి నేర్పే బదులు, స్టేషన్‌లోనో, బాధిత మహిళలకు సాయం అందించే సఖి కేంద్రంలోనో దగ్గరుండి రాయించి ఇచ్చే ఏర్పాటు ఉండటం న్యాయం. ఫోన్‌లో నిఘా యాప్ ఉందన్న అనుమానం వచ్చినా తొందరపడి తీసేయకూడదు. నిఘా పోయిందని తెలిసిన మరుక్షణం అతను మరింత రెచ్చిపోవచ్చు. ముందు వేరే ఫోన్ నుంచి సలహా తీసుకోవడమే క్షేమం.

సాయం కోరాక అవతల వ్యవస్థ కదలకపోతే ఏమవుతుందో 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర చూశాం. అత్యాచారానికి, హత్యకు బలైన యువ వైద్యురాలు దిశ (అసలు పేరు కాదు) కుటుంబం కంగారుగా స్టేషన్‌కు పరుగెడితే, ఘటన ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందన్న ప్రశ్నతో సమయం గడిచిపోయింది. నిర్లక్ష్యం చేశారని ముగ్గురు పోలీసులను తర్వాత సస్పెండ్ చేశారు. ఆ రాత్రి లోపించినది యాప్ కాదు. ఇప్పుడు ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాలని చట్టంలోనే ఉంది. ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు ఇచ్చి, మూడు రోజుల్లో సంతకం చేయొచ్చు. మరోవైపు, 2016లో హైదరాబాద్‌లో మొదలైన భరోసా కేంద్రం మంచి దారి చూపింది. కౌన్సెలింగ్, వైద్యం, న్యాయసాయం, పోలీసు అన్నీ ఒకే చోట దొరుకుతాయి. నిందితుడి ఎదుట నిలబడకుండా వీడియో ద్వారా సాక్ష్యం చెప్పే వీలూ కల్పించారు. భయపడిన పిల్లకు ఒక కెమెరా, ఒక తెర చేయగలిగిన మేలు ఇది. కొత్త యాప్‌కు పెట్టే ఖర్చు ఇలాంటి కేంద్రాలకూ, అక్కడి కౌన్సెలర్ల జీతాలకూ పెడితే ఫలితం ఎక్కువ.

ప్రభుత్వాలు చేయాల్సింది చేయాలి. ఈలోగా పక్కింటి ఆమె ఎప్పుడైనా వచ్చి, ‘వదినా, ఒక్కసారి ఫోన్ ఇస్తారా’ అని అడిగితే ఇవ్వండి. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబర్ ఆమెకు తెలియకపోతే మీరే కలపండి. ఆమె మాట్లాడేంతసేపు పక్కకు వెళ్లండి. ఆ నంబర్ నుంచి తిరిగి ఫోన్ వస్తే ఆమెకు మాత్రమే చెప్పండి, ఆమె ఇంట్లోవాళ్లకు కాదు.