ఎగువ వాన, దిగువ భయం

కిరండూల్ అనగానే ఇనుప ఖనిజమే స్ఫురిస్తుంది. అక్కడి బైలడిల్లా కొండలపై కురిసిన వాన ఏ వైపు జారినా, ఇంద్రావతి, శబరి వంటి ఉపనదుల ద్వారా చివరకు గోదావరినే చేరుతున్నది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 70 అడుగులు దాటినపుడు, నాటి తెలంగాణ ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు కుంభవృష్టి వెనుక విదేశీ కుట్ర ఉండవచ్చునని అనుమానించారు.

దేశాల నడుమనూ ఇదే ధోరణి. పహల్గాం దాడి తరువాత, 2025 ఏప్రిల్‌లో, 1960 నాటి సింధు జలాల ఒప్పందాన్ని భారతదేశం నిలిపివేసింది; నీటిని మళ్ళిస్తే యుద్ధచర్యగా భావిస్తామని పాకిస్తాన్ హెచ్చరించింది.

నీటిని రక్షణ సమస్యగా చూచినకొద్దీ ప్రవాహాల లెక్కలు రహస్యాలవుతాయి. గోదావరి ఒడ్డు పల్లెలకు కావలసినది ఒక్కటే: ఎగువ కొండలపై ఎంత వాన కురిసిందన్న కబురు, వరదకంటె ముందుగా.