అరచేతిలో వైకుంఠం, ఫోన్‌లో ముఖం

అరచేతిలో వైకుంఠం చూపించడం అని మనవాళ్లు అంటారు. జరగనిదాన్ని జరిగిపోయినట్టే కళ్లముందు పెట్టి మురిపించేవాళ్ల గురించి ఆ మాట. ఇప్పుడు అందరి అరచేతిలోనూ ఫోన్ ఉంది కాబట్టి వైకుంఠం చూపించడం మరీ తేలికైపోయింది. ఒక ఫోటో పెడితే చాలు. ముసలి ముఖం, పసి ముఖం, మగ ముఖం, ఆడ ముఖం, ఏది కావాలంటే అది రెండు క్షణాల్లో వచ్చేస్తుంది. లంచ్ టైములో మనమూ అలాంటివి చేసుకుని పడీపడీ నవ్వినవాళ్లమే. కానీ అలాంటి బొమ్మనే ముందు పెట్టుకుని, ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బుతో ముఖానికి ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని ఆలోచించేవాళ్లు ఉన్నారు. ఈ వ్యాసం వాళ్ల గురించి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ బొమ్మ ఉండాలి. అయితే అది డాక్టరుతో మాట కలపడానికి ఉండాలి, డాక్టరు ఇచ్చిన మాటగా దాన్ని తీసుకోకూడదు.

పెరంబూరులో మా వీధిలో నేను అక్క అని పిలిచే ఒకామె ఉంది. ట్రాన్స్ మహిళ. తమిళంలో తిరునంగై అంటారు. మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బ్లౌజులు కుడుతుంది. పేరు రాయవద్దంది, మిగతాది రాయమంది. ఆమె ఒక క్లినిక్‌కి వాట్సాప్‌లో సెల్ఫీ పంపింది. సాయంత్రానికల్లా "ఆపరేషన్ తర్వాత మీరు" అంటూ ఒక ఫోటో తిరిగొచ్చింది. అందులో నుదురు నున్నగా ఉంది, ముక్కు సన్నబడింది, దవడ గుండ్రంగా తిరిగింది. కళ్లు కూడా పెద్దవయ్యాయి. ఒళ్లు రెండు ఛాయలు తెల్లబడింది. "చెల్లీ, దీంట్లో డాక్టరు చేసేది ఎంత, కంప్యూటర్ చేసింది ఎంత?" అని అడిగింది. చాలా సరైన ప్రశ్న అనిపించింది. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే నాకు తెలిసినవి ఇవి.

ఈ ఆపరేషన్‌ను ఫేషియల్ ఫెమినైజేషన్ సర్జరీ అంటారు. పేరు ఒకటేగాని అది ఒక్క ఆపరేషన్ కాదు, నాలుగైదు కలిపి కట్టిన మూట. నుదుటి ఎముక, జుట్టు మొదలయ్యే గీత, ముక్కు, దవడ మూలలు, గడ్డం, గొంతు దగ్గర ముందుకొచ్చే ఆడమ్స్ యాపిల్. ఎవరికి ఏది కావాలో అది చేస్తారు. 1982లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఔస్టర్‌హౌట్ అనే సర్జన్ దగ్గరికి ఒక ట్రాన్స్ మహిళ విషయం వచ్చింది. లింగమార్పిడి ఆపరేషన్ అయిపోయింది, అయినా ముఖం చూసి జనం ఇంకా మగవాడిగానే పలకరిస్తున్నారు. అప్పుడాయన పుర్రెల సేకరణలను, వాటి కొలతలను చూసి, ఆడ మగ ముఖాలకు ఎముకలో ఉండే తేడాల మీద ఈ పద్ధతులు తయారుచేశాడు.

నుదుటి పనినే చూడండి. మగవాళ్లలో చాలామందికి కనుబొమ్మల పైన ఎముక గట్టులాగా ముందుకొస్తుంది. దాని వెనక సైనస్ అనే గాలి గది ఉంటుంది. ఆ గది ముందుగోడ మందంగా ఉంటే పైపైన అరగదీస్తే సరిపోతుంది. పలచగా ఉంటే అరగదీసేటప్పుడు కన్నం పడుతుంది. అందుకని ఆ గోడ ముక్కను కోసి తీసి, సరిచేసి, వెనక్కి జరిపి, చిన్న టైటానియం ప్లేట్లతో స్క్రూలతో బిగిస్తారు. ఎవరికి ఏ పద్ధతి అన్నది సీటీ స్కాన్ తీస్తేగాని తెలియదు. సెల్ఫీలో సైనస్ కనబడదు కదా! అలాంటప్పుడు సెల్ఫీ ఒక్కటి చూసి "మీ నుదురు ఇలా వస్తుంది" అని సాయంత్రానికల్లా ఎవరైనా ఎలా చెప్పగలరు?

ముందుగా చూపించే బొమ్మలన్నీ ఒక్కటి కావు. నేను వాటిని మూడు రకాలుగా అర్థం చేసుకున్నాను.

మొదటిది ఫోన్ యాప్ చేసే బొమ్మ. 2017లో వచ్చిన ఫేస్‌యాప్, 2019లో అందరూ ఆడుకున్న స్నాప్‌చాట్ ఆడ-మగ ఫిల్టర్ ఈ రకం. దానికి మన ఎముక తెలియదు. వేల ముఖాలు చూసి నేర్చుకున్న లెక్కతో మన ముఖం మీద ఇంకో ముఖాన్ని పూస్తుంది. జుట్టు పెంచుతుంది, కనుబొమ్మలు దిద్దుతుంది, చర్మం నున్నగా చేస్తుంది, పెదవులకు రంగు వేస్తుంది. తీరా చూస్తే మనకు నచ్చినదాంట్లో సగం బ్యూటీపార్లర్ పనే. మిగతాదాంట్లో ఏ కత్తీ చేయలేనివి కొన్ని ఉంటాయి. రెండు కళ్ల మధ్య దూరం ఈ ఆపరేషన్‌లో మారదు. యాప్‌లో మాత్రం మారిపోతుంది.

రెండోది సర్జన్ గాని, ఆయన దగ్గర పనిచేసేవాళ్లు గాని మన ఫోటో మీద గీత గీతగా మార్చి చూపించేది. చేసే మనిషికి ఎముక తెలిసుంటే, ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తే, ఇది చాలా పనికొస్తుంది. ముఖ్యంగా పక్కనుంచి తీసిన ఫోటోలో నుదురు, ముక్కు, గడ్డం ఒకే గీతలో కనబడతాయి కాబట్టి మార్పు ఎంతో తెలుస్తుంది. ఎదురుగా తీసిన ఫోటోలో అంత నమ్మకంగా చూపించడం కష్టం.

మూడోది సీటీ స్కాన్ నుంచి కంప్యూటర్‌లో పుర్రెను మూడు వైపులా కొలతలతో తయారుచేసి, ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు తీయాలో ముందే లెక్కవేసేది. ఇది అందంగా ఉండదు. ఎముకల బొమ్మ చూస్తే భయమేస్తుంది కూడా. కానీ మూడింటిలో నిజానికి దగ్గరగా ఉండేది ఇదే. అయినా ఎముక మీద కండ, చర్మం ఎలా సర్దుకుంటాయో అదీ పూర్తిగా చెప్పలేదు.

అసలు మొదట పెట్టే ఫోటోలోనే తిరకాసు ఉంది. 2018లో అమెరికాలో రట్గర్స్ వైద్యులు లెక్కగట్టి చూపించారు. 12 అంగుళాల దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనబడుతుందట. 5 అడుగుల దూరం నుంచి తీస్తే ఆ తేడా పోతుంది. అంటే చెయ్యి చాచి తీసుకున్న ఫోటో చూసి "నా ముక్కు ఇంత లావా" అని ఏడ్చేవాళ్లు తమది కాని ముక్కును చూసి ఏడుస్తున్నారు. ఈ మాట ట్రాన్స్ మహిళలకే కాదు, మనకీ పనికొస్తుంది. ఫిల్టర్‌లో కనబడ్డ తమ ముఖమే కావాలని సర్జన్ల దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువవుతున్నారని అదే 2018లో ఇంకో వైద్య పత్రికా వ్యాసం వచ్చింది. దానికి స్నాప్‌చాట్ డిస్మార్ఫియా అని పేరు కూడా పెట్టేశారు.

బొమ్మలో కనబడనివి ఇంకా ఉన్నాయి. జుట్టు గీత వెంబడి గాని, జుట్టు లోపల గాని మిగిలే కోత మచ్చ కనబడదు. నెలల తరబడి నడినెత్తి మీద స్పర్శ ఉండకపోవడం కనబడదు. గడ్డం, దవడ దగ్గర నరం దెబ్బతింటే కింది పెదవి మొద్దుబారే ప్రమాదం కనబడదు. ఆడమ్స్ యాపిల్ మరీ ఎక్కువ చెక్కితే గొంతు మారిపోవచ్చు. ఫోటోకి గొంతే లేదు. ఆపరేషన్ అయిన వెంటనే ముఖం ఉబ్బిపోయి ఉంటుంది. ముక్కు అసలు ఆకారానికి రావడానికి ఏడాది దాకా పడుతుంది. ఫోటోలో "ఇప్పుడు", "తర్వాత" పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో ఉండే ఆ ఏడాదిని ఎవరూ అచ్చు వేయరు. బ్లౌజులు కుట్టి బతికే మనిషికి ఆ ఏడాదిలో మొదటి రెండు నెలలు ఎలా గడుస్తాయన్నది చిన్న విషయం కాదు.

ఇన్ని లోపాలుంటే ఆ బొమ్మలే వద్దనవచ్చు కదా అని మా క్లాసులో ఒకమ్మాయి అడిగింది. నేను ఒప్పుకోను. బొమ్మ లేకపోతే మిగిలేవి మాటలే. "కొంచెం తగ్గిస్తాం", "బాగా వస్తుంది", "నాచురల్‌గా ఉంటుంది" ఇవీ ఆ మాటలు. తెలుగు చదువుకునేవాళ్లం కదా, చెప్పండి, "కొంచెం" అంటే ఎంత? డాక్టరు కొంచెం వేరు, అక్క కొంచెం వేరు. ఆమె నుదురు మాత్రమే మార్చుకుని ముక్కును అలాగే ఉంచుకోవాలని అనుకుంటూ ఉండొచ్చు. అది వాళ్ల నాయనమ్మ ముక్కు. ఆ సంగతి మాటల్లో చెప్పడం కష్టం, ఫోటో మీద వేలుపెట్టి చూపించడం సులువు. ఎముక కోసిన తర్వాత వద్దనుకుంటే వెనక్కి తెచ్చుకోలేం. బొమ్మ మీద అయితే వంద సార్లు వద్దనుకోవచ్చు. "ఇంత వద్దు" అని చెప్పే వీలు ఇస్తుంది కాబట్టే ఆ బొమ్మ ఉండాలంటున్నాను.

ఇంకొందరు వేరే ప్రశ్న వేస్తారు. మనసులో ఆడదైతే చాలదా, ముఖం కోయించుకోవడం ఎందుకు? సమాజం మారాలిగాని ఆమె ముఖం ఎందుకు మారాలి? వినడానికి బాగుంటుంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో, ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చని, అందుకు ఆపరేషన్ చేయించుకు తీరాలని పట్టుబట్టకూడదని చెప్పింది. నేనూ అదే నమ్ముతాను. ఎవరూ ఎవరి కోసమూ ముఖం మార్చుకోనక్కర్లేదు. కానీ సమాజం మారేలోపు 29సీ బస్సు ఎక్కాల్సింది ఆమె, మనం కాదు. ఇల్లు అద్దెకు అడిగేటప్పుడు ఎదుటివాళ్లు మొదట చూసేది ముఖమే. అదీగాక అన్నీ జనం కోసమే కూడా కాదు. అద్దంలో తనకి తాను కనబడాలన్న కోరిక ఉంటుంది. దాన్ని తక్కువచేసి మాట్లాడే హక్కు పదినిమిషాలకొకసారి ఫోన్ కెమెరాలో జుట్టు సర్దుకునే మనకి అసలే లేదు.

నాకు కోపం తెప్పించేది ఆ తెల్లబడ్డ చర్మం. ఆపరేషన్‌కీ ఒంటి రంగుకీ ఏ సంబంధమూ లేదు. మరి ఎందుకు తెల్లబరిచారు? ఆడతనం అంటే తెలుపు, సన్నం, చిన్న ముక్కు అని ఎవరో ముందే రాసిపెట్టుకున్నారు కాబట్టి. 2017లోనే ఫేస్‌యాప్‌లో అందం పెంచే ఫిల్టర్ జనాన్ని తెల్లగా మారుస్తోందని గొడవైతే, కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. అదే తెలుపు మన పెళ్లిచూపుల ఫోటోల్లో స్టూడియోవాళ్లు పూసే తెలుపు. మన అమ్మమ్మల్లో చాలామందికి గట్టి దవడ, వెడల్పాటి ముక్కు, చామనఛాయ ఉన్నాయి. వాళ్లు ఆడవాళ్లు కారా? ఒక ట్రాన్స్ మహిళకు పంపే బొమ్మలో పెరంబూరు ఆడవాళ్ల పోలిక కనబడాలి గాని, ఏ దేశానిదో తెలియని బొమ్మ ముఖం కనబడకూడదు.

కాబట్టి అలాంటి బొమ్మ చూసేవాళ్లు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫోటో 5 అడుగుల దూరం నుంచి, జుట్టు వెనక్కి కట్టి, మేకప్ లేకుండా, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీయించాలి. బొమ్మలో ప్రతి మార్పూ ఏ ఆపరేషన్ వల్ల వస్తుందో విడివిడిగా చెప్పమనాలి. నుదురు ఒక్కటే మారిస్తే ఎలా ఉంటుంది, ముక్కు కూడా మారిస్తే ఎలా ఉంటుంది, అన్నీ ఒకేసారి కలిపేయకుండా చూపించమనాలి. రంగు, జుట్టు, కళ్లు ముట్టుకోవద్దని చెప్పాలి. ఇంతకుముందు ఆపరేషన్ అయినవాళ్లు ఒప్పుకుంటే, వాళ్లకు ముందు చూపిన బొమ్మ, ఏడాది తర్వాత తీసిన ఫోటో పక్కపక్కన పెట్టి చూపించమనాలి. మన ఫోటోలు వాళ్ల దగ్గర ఎన్నాళ్లు ఉంటాయి, ఎవరికి పంపుతారు, ప్రకటనల్లో వాడతారా అని కాగితం మీద రాయించుకోవాలి. ఆ తర్వాత బొమ్మను కొన్ని వారాలు పక్కన పెట్టి మళ్లీ చూడాలి. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోటు నుంచి లేచి వచ్చేయడమే మంచిది.

తమిళనాడులో ట్రాన్స్‌జెండర్ సంక్షేమ బోర్డు 2008లోనే వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో లింగమార్పిడి ఆపరేషన్లు జరుగుతున్నాయి. ముఖం దగ్గరికి వచ్చేసరికి చాలామంది సొంత డబ్బుతో ప్రైవేటు క్లినిక్కులకే పోతున్నారు. అక్కడ బొమ్మే బేరం. ఆ బొమ్మ ఎలా తయారుచేయాలి, ఎలా చూపించాలి అన్నదానికి డాక్టర్ల సంఘాలు ఒక పద్ధతి పెట్టాలి. కనీసం "ఇది యాప్ చేసింది, ఇది స్కాన్ చూసి చేసింది" అని బొమ్మ కిందే రాయాలి.

మన వంతు కూడా ఒకటుంది. నామక్కల్ జిల్లాలో పుట్టిన ఎ. రేవతి జీవితకథను పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ' పేరుతో తెలుగులోకి తెచ్చారు. దానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. మన డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో అది లేకపోతే మేడమ్ గారు తెప్పించాలని ఈ గోడ మీద నుంచే అడుగుతున్నాను. వీళ్ల గురించి మనకు తెలిసింది రైలు పెట్టెలో చూసినంతే అయితే, ఒక ముఖం వెనక ఎంత లెక్క, ఎంత భయం, ఎంత ఆశ ఉంటాయో మనకు అర్థం కాదు.

నాతో ఒప్పుకోనివాళ్లు ఉంటారు. మంచిదే. ఈ కాగితం పక్కన జాగా ఉంది. రాసి అంటించండి, చదువుతాను.