వంటింటి బల్ల మీద సైన్యాలు

పిల్లలు ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉన్న అమ్మలు కొందరికి ఒక వింత బెంగ. "బొమ్మ సైనికుల్ని కొనుక్కొచ్చి, కళ్ళు చికిలించుకుంటూ వాటికి రంగులేస్తాడమ్మా! వయసేమో పద్నాలుగు" అని. ఆ బెంగ ఉన్నవాళ్ళ కోసమే ఈ వారం ముచ్చట. లేనివాళ్ళూ చదవండి, మరేం ఫరవాలేదు.

పోయిన వేసవిలో నాటింగ్‌హామ్‌లో మా చెల్లెలింట్లో రెండు నెలలున్నాను. ఈ ఆటకు ఆ ఊరు పుట్టిల్లు లాంటిది. వార్‌హామర్ అనే ఆట 1983లో వచ్చింది, దాన్ని తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ ఆ ఊళ్ళోనే ఉంది. అంతకు చాలా ముందే, 1913లో, హెచ్.జి. వెల్స్ అనే రచయిత బొమ్మ సైనికులతో ఇంట్లో యుద్ధం ఎలా ఆడాలో చెప్తూ ఏకంగా పుస్తకమే రాశాడు. ఆ మాటకొస్తే మన చదరంగంలో ఏనుగులూ గుర్రాలూ ఎందుకున్నాయంటారు?

బొమ్మలు అంగుళం, అంగుళంన్నర ఎత్తుంటాయి. ఒకరిది మరుగుజ్జుల సైన్యం, ఇంకొకరిది రాక్షసులది. భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి, కింద పుస్తకాలు పెడితే కొండలు. కొలవడానికి మనం జాకెట్ కొలతలు తీసుకునే టేపే చాలు.

మా చెల్లెలి కొడుకు ఆడేది వార్‌హామర్ కూడా కాదు, 'ఏజ్ ఆఫ్ ఫాంటసీ' అని ఇంకా సులువైనది. దాని మూల నియమాలు కొద్ది పేజీలే, ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో దళానికి రెండు అంకెలుంటాయి. ఒకటి కొట్టే నేర్పు, రెండోది కాచుకునే బలం. నేర్పు 4 అనుకోండి, పాచిక మీద 4 గానీ అంతకు మించి గానీ పడితే దెబ్బ తగిలినట్టు. అప్పుడు అవతలివాళ్ళు కాచుకోవడానికి వేస్తారు. వాళ్ళ అంకె పడలేదో, బొమ్మ బల్ల దిగిపోవలసిందే. మీరొక దళం కదిపితే తర్వాత నేనొకటి. మామూలు నడక 6 అంగుళాలు, మీదికి దూకితే 12. నాలుగు రౌండ్లతో ఆట సరి. ఎంతమంది చచ్చారన్నది కాదండోయ్ లెక్క, బల్ల మీద పెట్టిన గురుతుల్లో ఎక్కువ ఎవరు పట్టుకున్నారన్నదే. అందుకే సగం సైన్యం పోయినా నేనొకసారి గెలిచాను!

ఇక అసలు సంగతి. వాడు గుంటూరు నుంచి అక్కడికెళ్ళి ఏడాదిన్నర. స్కూలు నుంచి వస్తూనే గదిలో దూరేవాడు. ఏమిట్రా అంటే "ఏం లేదు". మా మరిది విసిగిపోయి, "ఒక్కో పెట్టె ముప్ఫై నలభై పౌన్లు, అవన్నీ బయట పారేస్తా" అన్నాడు. చెల్లెలు మాత్రం ఒక షరతు పెట్టింది. కొత్త పెట్టెలు కొనేది లేదు, ఉన్నవాటితో నాతో ఆడు అని.

మూడో ఆటలో కాబోలు, టేపు పట్టుకుని కొలుస్తూ, తలెత్తకుండా అన్నాడు. "మధ్యాహ్నం నేను లైబ్రరీలో కూచుంటానమ్మా. నా పక్కన ఎవరూ కూర్చోరు." పొయ్యి దగ్గరున్న నాకు గుండె జారిపోయింది. చెల్లెలు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "నీ వంతురా" అంది. వాడు పాచికలు వేస్తూ మిగతాదంతా చెప్పుకొచ్చాడు. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే వచ్చే మాటలు కావవి. చేతులకు పనీ, కళ్ళకు చూడడానికి ఏదో ఒకటీ ఉండాలి. చిక్కుళ్ళు ఒలుచుకుంటూ మనం చెప్పుకోవడం లేదూ?

సోమవారం చెల్లెలు వెళ్ళి టీచరుతో మాట్లాడింది. ఇప్పుడు శనివారాలు ఇద్దరు పిల్లలు ఆటకొస్తున్నారు. స్కూల్లో భోజనం గొడవ మాత్రం పూర్తిగా తీరలేదు, ఆ ఇద్దరూ వేరే క్లాసు మరి.

ఖర్చు గురించి భయపడకండి. కంపెనీ ఆటలకు ఆ కంపెనీ బొమ్మలే కావాలంటారేమో గానీ, దీనికి ఏ బొమ్మయినా చెల్లుతుంది. నేను తీసుకెళ్ళిన కొండపల్లి అంబారీ ఏనుగు వాడి సైన్యంలో మహాకాయుడై కూర్చుంది. ఆ పిల్లలకు అదంటే హడల్!

పెద్దవాళ్ళు చూసుకోవలసినవి కొన్నున్నాయి. నీళ్ళలో కలిపే ఆక్రిలిక్ రంగులతో పేచీ లేదు. ముందు కొట్టే స్ప్రే మాత్రం ఆరుబయటే కొట్టాలి. ప్లాస్టిక్ ముక్కలు కత్తిరించే కత్తి చాలా పదును, చిన్నపిల్లలకు అందనివ్వకండి. ఎవరైనా పాత లోహపు బొమ్మలిస్తే వాటిలో సీసం ఉండవచ్చు, ముట్టుకున్నాక చేతులు కడిగించండి. కుంచె కొన నోట్లో పెట్టి సన్నం చేసే అలవాటు చాలామందికుంది, అది మొదట్లోనే మాన్పించండి.

ఇంకొకటి. రంగులేసేటప్పుడు కుంచె కడిగే నీళ్ళకు ఒక పాత డబ్బా కేటాయించి, టీ కప్పుకు దూరంగా పెట్టండి. మా మరిది ఒక ఆదివారం పొద్దున్న ఆకుపచ్చ టీ రెండు గుటకలు తాగి, "ఇదేం గ్రీన్ టీ?" అన్నాడు.