పెరటి గోగుకు వేరే సిఫారసు కావాలి

గోగు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మెట్టభూములకు చిరకాలంగా పరిచయమున్న నారపంట. అదే మొక్క కోటబొమ్మాళి పరిసర గ్రామాల పెరళ్ళలో కూరమొక్క. ఆముదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం నుండి వెలువడిన ఎ.ఎం.వి. శ్రేణి రకాలు, వాటితోపాటు రూపొందిన సాగు పద్ధతులు నారను లక్ష్యంగా పెట్టుకొన్నవి. ఆకు కోసం పెంచే గృహిణికి ఆ పద్ధతులు ఉపకరించకపోగా కొన్నిచోట్ల విరుద్ధంగా ఉంటాయి. నారసాగు తగ్గుతున్న ఈ కాలంలో పెరటి గోగును "కూరే కదా" అని విస్తరణ విభాగం పక్కన పెట్టడం తగదు. దానికి ప్రత్యేక సిఫారసు అవసరం. ఆ సిఫారసులో మొదటి అంశం మొక్క తల తుంచడమే కావాలి.

నారకు కావలసినది పొడవైన, కొమ్మలు లేని కాండం. అందుకే వరుసల మధ్య 30 సెం.మీ., మొక్కల మధ్య 10 సెం.మీ. ఎడంతో ఒత్తుగా పెంచుతారు. చదరపు మీటరుకు సుమారు 33 మొక్కలు నిలుస్తాయి. వెలుతురు కోసం పోటీపడి అవి నిటారుగా సాగుతాయి. తల తెగిన మొక్క కొమ్మలు వేస్తుంది. కొమ్మ పుట్టిన ప్రతి కణుపు వద్ద నార తెగుతుంది. కాబట్టి నారపొలంలో తల తుంచడం నష్టం. పెరటిలో అదే లాభం. అక్కడ ఒక్కొక్క కొమ్మ ఒక్కొక్క కోత అవుతుంది.

ఇందులోని సూత్రం వృక్షశరీరధర్మ శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసినదే. చివరి మొగ్గలో తయారయ్యే ఆక్సిన్ కింది మొగ్గలను అణచి ఉంచుతుంది. చివరి మొగ్గ తొలగితే ఆ అణచివేత సడలి, ఆకు మొదళ్ళలోని పక్కమొగ్గలు మేల్కొంటాయి. గంజాయి మొక్క తల కత్తిరించి గుబురుగా పెంచే పద్ధతికి కూడా ఆధారం ఇదే. పగటి నిడివి తగ్గినప్పుడు పూతకు రావడంలోనూ ఈ రెండు మొక్కలకు పోలిక ఉంది. గోగు జాతులలో ఒకదాని ఆకు గంజాయి ఆకును తలపించడం వల్లనే లిన్నేయస్ 1759లో దానికి హిబిస్కస్ కన్నాబినస్ అని పేరు పెట్టాడు.

పోలిక అక్కడితో ఆగుతుంది. మాదక ద్రవ్యాలు, మనోత్తేజక పదార్థాల చట్టం, 1985 ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్కను పెంచడం నేరం. పెరటిలో ఒక్క మొక్క అయినా మినహాయింపు లేదు. శిక్ష పదేళ్ళ కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా వరకు ఉండవచ్చు. కాబట్టి విస్తరణ సిబ్బంది ఈ రెండు మొక్కల తేడాను గ్రామస్థులకు చూపగలగాలి. గంజాయి ఆకులో రెబ్బలు దేనికది విడిగా ఉంటాయి. గోగు ఆకులో తమ్మెలు ఎంత లోతుగా చీలినా మొదట్లో కలిసే ఉంటాయి. గోగు పువ్వు మందార కుటుంబానికి చెందిన అయిదు రేకుల పువ్వు, నడుమ ముదురెరుపు. గంజాయి పువ్వులు చిన్నవి, ఆకుపచ్చనివి. అన్నిటికంటె సులభమైన గుర్తు గోగు ఆకు పులుపు.

ఇక పెరటి పద్ధతి. తొలకరితో విత్తి, వరుసల మధ్య 45 సెం.మీ., మొక్కల మధ్య 30 సెం.మీ. ఎడం ఉండేలా పలుచన చేస్తే చదరపు మీటరుకు ఏడు మొక్కలు నిలుస్తాయి. పీకిన లేతమొక్కలే తొలి కూర. మొక్క మోకాలెత్తుకు వచ్చేసరికి చివరి మొగ్గను రెండు మూడు లేతాకులతో సహా గోటితో తుంచాలి. కింద అయిదారు ఆకులు తప్పక మిగలాలి, ఎందుకంటే కొత్త కొమ్మలకు ఆహారం ఆ ఆకులే అందిస్తాయి. పక్కకొమ్మలు జానెడు సాగిన తరువాత వాటి కొసలనూ అదే విధంగా తుంచుకోవచ్చు. మొక్కను ఒకేసారి మోడు చేయడం వల్ల తిరిగి చిగురించడం ఆలస్యమవుతుంది. వాన కురుస్తుండగా కోయరాదు. మడిలో నీరు నిలిస్తే మొదలుకుళ్ళు సోకుతుంది.

తుంచడం పురుగు నివారణకూ తోడ్పడుతుంది. పిండినల్లి తొలుత లేత కొసలను ఆశ్రయించి ఆకులను ముడుచుకుపోయేలా చేస్తుంది. అలాంటి కొసలను తుంచి మడికి దూరంగా నాశనం చేస్తే ఉధృతి తగ్గుతుంది. వారానికొకసారి కోసి వండే ఆకుపై రసాయనాలు చల్లడం కంటె ఈ మార్గం ఎంతో మేలు.

సిఫారసులో అంతకంటె ముఖ్యమైన భాగం విత్తనం. ఇంతకాలం పెరటికి గింజ చాలావరకు పొలం నుండే వచ్చింది. చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడింది. కట్టలు నానబెట్టడానికి చెరువులలో నీరు చాలడం లేదు. నార తీసే కూలి భారమైంది. రైతు మరో పంటకు మళ్ళితే పొలంతోపాటు ఇంటి కూర విత్తనమూ, ఆ ఊరి రుచికి అలవాటైన రకమూ పోతాయి. సంతలో గోంగూర కట్ట కొనవచ్చు, కాని పోయిన రకాన్ని కొనలేరు.

గోగు ప్రధానంగా స్వపరాగ సంపర్కం గల మొక్క కావడం ఇక్కడ అనుకూలం. కొన్ని మొక్కల నుండి తీసిన గింజ కూడా చాలావరకు తల్లి లక్షణాలనే నిలుపుకొంటుంది. మడిలోని ప్రతి అయిదు మొక్కలలో ఒకదానిని విత్తనానికి కేటాయించి, ఆగస్టు చివరి నుండి దానిని తుంచడం ఆపివేయాలి. అంతకుముందు తుంచినందువల్ల పెరిగిన కొమ్మలే ఎక్కువ కాయలను మోస్తాయి. పూత వచ్చాక కూడా కొసలు కోస్తూ పోతే గింజ దక్కదు. ఒకే మొక్క నుండి నారనూ, ఏడాది పొడవునా ఆకునూ, నిండు విత్తనాన్నీ ఆశించడం సాధ్యం కాదు. మొక్క మోకాలెత్తున ఉన్నప్పుడే అది దేనికో నిర్ణయించుకోవాలి.

పరిశోధన స్థానం పెరటి మడులపై శ్రమ వెచ్చించడం వృథా అనే వాదన వినిపించవచ్చు. ఎకరాల లెక్కన చూస్తే అది నిజమే. అయితే పెరటి గోగు విస్తీర్ణం ఏ గణాంకంలోనూ చేరదు కనుక విస్తీర్ణాన్నిబట్టి దాని విలువను తూచడం సరికాదు. ఆకురకాలు నారరకాల విత్తన శుద్ధిని చెడగొడతాయన్న అభ్యంతరం మాత్రం గట్టిది. కీటకాల ద్వారా కొంత పరపరాగ సంపర్కం జరుగుతుంది. విత్తనోత్పత్తి క్షేత్రాలను ఊరి పెరళ్ళకు దూరంగా ఉంచడమే దీనికి పరిష్కారం. పెరళ్ళను పట్టించుకోకుండా వదిలివేయడం వల్ల ఆ సమస్య తీరదు.

చేయవలసిన పని పెద్దది కాదు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమానికి వచ్చే విద్యార్థులు ఒక్కొక్కరు ఒక పెరటిలో తుంచిన వరుసను, తుంచని వరుసను పక్కపక్కన పెంచి, కోతల సంఖ్యను, ఆకు తూకాన్ని, చివరికి దక్కిన గింజను నమోదు చేయవచ్చు. ఊరూరా సేకరించిన గింజను పరిశోధన స్థానానికి చేర్చవచ్చు. ఆ లెక్కలను ఆ ఇంటి స్త్రీలతో కలిసి చూస్తే ఏ కొమ్మను ఎప్పుడు తుంచాలో వారి అనుభవమూ నమోదవుతుంది. కోటబొమ్మాళి వంటి మండలంలో ఒక్క ఖరీఫ్‌లో పూర్తికాగల పరిశీలన ఇది. పొలాల్లో గోగు ఇంకా మిగిలి ఉండగానే ఆ పని మొదలుకావాలి.