రోమ్‌లో ఒక గులాబీ

మా పెళ్ళి 2020 జూన్‌లో జరిగింది. 50 మందికి మించి పిలవకూడదన్న రోజులవి. మాస్కులు పెట్టుకునే తలంబ్రాలు పోసుకున్నాం. హనీమూన్ ఊసు ఎవరూ ఎత్తలేదు, ఎత్తినా విమానాల్లేవు. తర్వాత నేను యూకే రావడం, ఏడాదికి తను రావడం, విజయవాడ ఫ్లాటు లోను, అలా నాలుగేళ్ళు గడిచిపోయాయి. చివరికి 2024 ఏప్రిల్‌లో నాలుగు రోజులకి రోమ్ టికెట్లు తీశాను. ఇక్కణ్ణుంచి మన పాస్‌పోర్టు మీద షెంగెన్ వీసా తెచ్చుకోవడమనే భాగవతం ఇంకోసారి రాస్తాను. రొమాన్స్ గురించి రాసేటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్ల గోల ఎందుకు?

మొదటి సాయంత్రం స్పానిష్ స్టెప్స్‌కి వెళ్ళాం. 1953లో వచ్చిన 'రోమన్ హాలిడే' సినిమాలో ఆడ్రీ హెప్‌బర్న్ ఐస్‌క్రీం తిన్న మెట్లు. ఇప్పుడు వాటి మీద కూర్చోనివ్వరు. 2019 నుంచి నిషేధం, కూర్చుంటే ఫైన్. ఆ సంగతి తెలిసీ కాళ్ళు నొప్పెట్టి చతికిలబడ్డాం, పోలీసు ఈల వినగానే లేచి నిలబడ్డాం. సరిగ్గా అప్పుడే గులాబీలతను వచ్చాడు.

"ఇండియా? షారుఖ్ ఖాన్! మేడమ్, గిఫ్ట్, ఫ్రీ, ఫ్రీ" అంటూ తన చేతిలో ఓ గులాబీ పెట్టేశాడు. తను "అయ్యో, వద్దండీ" అని తెలుగులోనే అంటూ పట్టుకుంది. అతను వెంటనే నావైపు తిరిగి, "భయ్యా, ఫైవ్ యూరో. ఫర్ లవ్" అన్నాడు.

ఇందులో కిటుకేమిటంటే, పువ్వు భార్య చేతికి, బేరం భర్తతో. వద్దంటే పెళ్ళాం ముందు పిసినారివి. మనకిది కొత్తేం కాదు. లాడ్ బజార్‌లో "చూడండమ్మా, చూస్తే డబ్బులేం అడగం" అంటూనే చేతికి గాజులెక్కించేస్తారు కదా. పైగా నేను మూడు రోజులు కూర్చుని ఇవన్నీ చదువుకుని వెళ్ళినవాణ్ణి. చేతులు జేబుల్లో ఉంచుకోవాలి, కళ్ళలోకి చూడకూడదు, "నో, గ్రాత్సియే" అని ఒక్కసారి చెప్పి ఆగకుండా నడవాలి, బలవంతంగా చేతిలో పెడితే పక్కన ఏ గట్టు మీదో పెట్టేసి వెళ్ళిపోవాలి. అన్నీ తెలుసు. తనకి మాత్రం ఒక్కటీ చెప్పలేదు.

తన వేళ్ళ మధ్యనుంచి గులాబీ లాగి అతని కట్టలో గుచ్చేశాను. "నో!" అని గట్టిగా కూడా అన్నాను. 5 యూరోలు మిగిల్చానన్న గర్వం ట్రెవీ ఫౌంటెన్ వీధి మలుపు దాకా ఉంది.

అక్కడ నాణెం చేతికిస్తే, "మీరే వెయ్యండి" అంది. మామూలుగా నన్ను నువ్వనే అంటుంది. మీరు అందంటే ఆ రోజుకి అంతే. కుడిచేత్తో, ఎడమ భుజం మీదుగా ఒక యూరో వేశాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా, ఆ నాణేలన్నీ ఏరి కారితాస్ అనే క్యాథలిక్ సేవాసంస్థకి ఇస్తారనీ, ఏడాదికి 10 లక్షల యూరోలు దాటుతాయనీ చెప్పాను.

"నీళ్ళలో వెయ్యడానికి డబ్బులున్నాయన్నమాట" అంది.

ఇంతలో వాన. రోమ్‌లో నేను చూసిన అసలు వింత ఇది. తొలి చినుకు నేల తాకేలోపు గులాబీలూ సెల్ఫీ కర్రలూ మాయం, ప్రతి చేతిలోనూ గొడుగులు! నేను రూలు ప్రకారం జేబుల్లో చేతులు పెట్టుకుని పక్కకి నిలబడ్డాను. తను మాత్రం నేరుగా ఒకతని దగ్గరికి పోయి, దిల్‌సుఖ్‌నగర్ హిందీలో "కిత్నా?" అంది. పది యూరోలట. "దీనికా! కోఠీలో ఇలాంటివి రెండొస్తాయి" అని మొదలుపెట్టింది. గొడుగు విప్పి, ఊచలు లెక్కపెట్టి, మూసి, మళ్ళీ విప్పింది. మధ్యలో అతనిది బంగ్లాదేశ్‌లోని మాదారీపూర్ అనీ, వచ్చి ఏడేళ్ళయిందనీ, పెళ్ళాం పిల్ల అక్కడే ఉన్నారనీ, కాగితాలు ఇంకా రాలేదనీ కూడా కనుక్కుంది. నేను రోమ్‌లో గొడుగు కింద నిలబడిన జంటల్ని చూస్తూ తడుస్తున్నాను.

అతను నావైపు చూసి, "భయ్యాకి కోపమా?" అని అడిగాడు.

"భయ్యాకి కాదు, నాకు" అంది. ఇద్దరూ నవ్వారు. ఆ రోజంతటిలో తను నవ్వడం అప్పుడే.

నాలుగుకి బేరం తెగింది. ఐదు ఇచ్చి చిల్లర వద్దంది.

కొంతదూరం ఒకే గొడుగులో నడిచాం. అది ఒకరికే సరిపోయే గొడుగు.

"ఆ పువ్వు ఐదు యూరోలకి నేనూ కొనేదాన్ని కాదు" అంది. "వెనక్కివ్వబోతున్నాను. ఈలోపే నా చేతిలోంచి లాక్కున్నావు."

లాక్కున్నావు అంది, లాక్కున్నారు అనలేదు. అది గమనించాను కానీ, సారీ మాత్రం అప్పుడు నోటికి రాలేదు. హోటల్ గదిలో గొడుగు మూయబోతే ఊచ ఒకటి విరిగి చేతికొచ్చింది. దాన్ని పట్టుకునే చెప్పాను.